బీడీల చాటలో మనసు యుద్ధం

ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి. చాప చాలకపోతే గోనెసంచి పరుచుకోండి, కాని నడుమ మాత్రం లేవకండి. నా పద్దెనిమిదో ఏట, ఒక్క కాగితంతో, సొంత తమ్ముణ్ని ఠాణాకు ఎక్కించిన ఘనత నాది. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. బీడీల చాటలో కాగితం పరిచాను, అంతే.

అప్పుడు మేము కోరుట్ల దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. అవ్వ, అంటే మా అమ్మ, నేనూ ఇంట్లో బీడీలు చుట్టి కార్ఖానాలో ఇచ్చేవాళ్లం. తమ్ముడు రాజేశం సిరిసిల్లలో సాంచాలు, అవే మరమగ్గాలు, నడిపేవాడు, ఐతారానికి, అంటే ఆదివారానికి, ఇంటికి వచ్చేవాడు. ఒకసారి వస్తూ వస్తూ ఒక ఆట పట్టుకొచ్చాడు. బొంబాయి దగ్గర భీవండిలో పనిచేసి వచ్చిన వాడి దోస్తు, అక్కడి సేటు కొడుకులు ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని ఆడుతుంటే చూసి నేర్చుకున్నాడట. రాక్షసులు, మంత్రగాళ్లు, కోటలు అన్నీ ఉన్నాయి గాని, అసలు సరుకు మనసు యుద్ధం. కత్తి లేదు, కర్ర లేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, కళ్లలో కళ్లు పెట్టి, మనసుతోనే కొట్టుకోవాలి.

నేను రెండో తరగతిలోనే బడికి దండం పెట్టినదాన్ని. అక్షరాలు కూడబలుక్కోవాలి. కాని చెవిన పడ్డ మాట నా తలలోంచి చచ్చినా పోదు. ఆ నియమాలు ఇప్పుడైనా చెబుతాను. ఒక్కొక్కరికి ఇరవై చింతగింజలు, అదే మనసు బలం. దాడులు మూడు: సూది, కొరడా, పిడుగు. అడ్డాలు మూడు: తలుపు, గోడ, ఖాళీ మనసు. చేతులు వెనక్కి పెట్టుకుని ఒక్కసారే ముందుకు తేవాలి. కుడిచేతి వేళ్లు దాడి, ఎడమచేతి వేళ్లు అడ్డం. దేనికి ఏది తగిలితే ఎన్ని గింజలు పోతాయో కాగితం మీద గళ్లు గీసి ఉంటుంది. గింజలన్నీ పోతే మనసు చిక్కినట్టే. అప్పుడు గెలిచినవాళ్లు అడిగింది ఒక్కటి ఓడినవాళ్లు చేసి తీరాలి. ఈ లెక్కన మా అవ్వ చేత మూడుసార్లు గారెలు చేయించుకున్నాను.

ఆ ఇంగ్లీషు కోటల పేర్లు మా నోటికి పట్టలేదు. "గా పేర్లెందుకురా, మనూర్ల పేర్లు వెట్టు" అన్నది నేనే. కొంప ముంచే పనికి కొబ్బరికాయ కొట్టింది కూడా నేనే అన్నమాట. రాజేశం కోటలకు ధర్మపురి, రాయికల్, జగిత్యాల అని పేర్లు పెట్టి, నియమాలూ గళ్లూ ఉన్న ఆ కాగితం వెనకే రాసుకున్నాడు.

అవి ఎలాంటి రోజులో తెలిసినవాళ్లకు తెలుసు. అడవిలోంచి దళం అన్నలు వచ్చి అన్నం అడిగేవారు, పోలీసులు వచ్చి అన్నం ఎవరికి పెట్టారని అడిగేవారు. పొరుగూరి పిల్లగాడు ఒకడు ఠాణాకు పోయి వచ్చాక చేతులు పైకి లేపలేకపోయాడు. సాంచాలు నడిపేవాడికి చేతులు పోతే ఇంకేం మిగులుతుంది?

ఆ రోజు శనివారం, ముసురు. కరెంటు లేక సాంచాలు ఆగితే రాజేశం ఒకరోజు ముందే వచ్చి ఇంట్లో పడుకున్నాడు. బీడీలు తడిస్తే కార్ఖానాలో తీసుకోరు. చాటలో పరచడానికి వెతికితే సందుగ పెట్టె మీద మంచి మందపాటి కాగితం దొరికింది. అదేం కాగితమో చూడలేదు. పరిచాను, వెయ్యి బీడీలు పేర్చాను, పరుగెత్తాను.

కార్ఖానాలో లెక్కలు రాసే మునీం కట్టలు ఎంచి తీస్తూ అడుగు దాకా వచ్చాడు. ఆగాడు.

"గిదేందే మల్లవ్వా? 'ఐతారం పొద్దుగాల జగిత్యాల కోట మీద దాడి. రాజేశం ముందటికెల్లి, అక్క ఎనుకకెల్లి. లోపటోళ్లు ఒక్కరు మిగలొద్దు.' ఎవలు రాసిండ్రు?"

"మా తమ్ముడు" అన్నాను గర్వంగా.

"అక్క ఎవలు?"

"నేనే."

"మెల్లగ మాట్లాడే."

"మెల్లగెందుకు సేటూ? పోయిన ఐతారం ధర్మపురి గెల్సినం. రాయికల్ అయితె మా అవ్వ ఒక్కతే పట్టింది."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరు రాలేదు, ఠాణా వచ్చింది. పక్క హోటల్లో చాయ తాగుతున్న ఇద్దరు కానిస్టేబుళ్లు గ్లాసులు కింద పెట్టారు.

గంట తిరగకుండా నేనూ రాజేశం ఎస్సై ముందు ఉన్నాం. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, మీసం దువ్వి దువ్వి సూదిలా చేసుకున్నాడు. కిటికీ పక్క బల్ల మీద నా చాట, బీడీలు, ఆ కాగితం.

"ఏంట్రా ఇది?"

రాజేశం బల్ల మీది కాగితం వైపు వేలు చూపాడు. "మనసు... సారు... గింజలు..."

"గింజలేంటి?"

"తూటాలను గట్ల అంటరేమో సార్" అన్నాడు పక్కన నిలబడ్డ జమేదారు.

ఇక లాభం లేదని కొంగుముడి విప్పి బల్ల మీద చింతగింజలు పోశాను. "ఆట సారు. పిల్లలాట. కావాలంటె ఆడి సూపెడ్త."

ఎస్సై కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నాతో ఆడు. ఇది ఆట కాదని తేలిందంటే నీ తమ్ముడు ఇక్కడే ఉంటాడు."

నియమాలన్నీ గడగడా ఒప్పజెప్పాను. ఆయన కాగితంతో సరిచూసుకుంటూ విన్నాడు. వెనక నుంచి రాజేశం పెదవి కదపకుండా గొణిగాడు: "ఓడిపోవే అక్కా. నీ కాళ్లు మొక్కుత."

ఓడిపోవాలనే నాకూ ఉంది. అన్నిటికన్నా బలహీనమైనది సూది కదా అని ఒక వేలు చూపాను. ఆయన తలుపు పెట్టాడు.

"తలుపుకు సందుంటది సారు. సూది దూరింది. మీయి నాలుగు పోయినయ్."

ఆయన కొరడా తీశాడు. భయంతో నా ఎడమచెయ్యి రెండు వేళ్లు చూపింది, అంటే గోడ. గోడను కొరడాతో కొడితే గోడకేం నొప్పి? మళ్లీ సూది, మళ్లీ తలుపు. పోలీసాయన కదా, తలుపు మీద నమ్మకం పోదు. ఆయన దగ్గర గింజలు కరుగుతున్నాయి, మీసం వణుకుతోంది. రాజేశం కళ్లు మూసుకున్నాడు.

ఈసారి ఎలాగైనా ఓడాలని ఖాళీ మనసు పెట్టాను. దానికి నేను పెద్దగా కష్టపడనక్కర్లేదు కూడా. ఆయన పళ్లు బిగించి మూడు వేళ్లు లేపాడు. పిడుగు.

ఏదీ మరిచిపోని నేను, సరిగ్గా ఆ ఒక్క ఘడియ ఆ ఒక్క నియమం మరిచాను. ఖాళీ మనసులో పిడుగు పడడానికి ఏమీ ఉండదు. తిరిగి వేసినవాడి నెత్తినే పడుతుంది, రెండింతలై.

జమేదారు గళ్లు చూశాడు, గింజలు చూశాడు, తర్వాత ఇంటికప్పు చూశాడు. "సార్, మీయి ఒడిసినయ్."

ఎస్సై ఆఖరి నియమం తనే పైకి చదువుకున్నాడు. తల ఎత్తాడు.

"సరే. అడుగు."

మా తమ్మున్ని ఇడిసిపెట్టుర్రి. ఇంతే అనాలి. మాట నాలుక కొస దాకా వచ్చింది. అంతలో కిటికీలోంచి జల్లు కొట్టింది, నా కన్ను చాట మీద పడింది.

"సారు, బీడీలు నానుతున్నయ్. జర నా చాట నాకిప్పియ్యుర్రి."

రాజేశం గోడ వెంట జారి అక్కడే కూలబడ్డాడు.

ఎస్సై నన్ను చూశాడు, వాణ్ని చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత బల్ల. కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "జమేదారూ, తోడబుట్టినవాణ్ని వదిలేసి బీడీలు అడిగిందయ్యా. ఈమెను ఏ దళం చేర్చుకుంటుంది?"

"చేర్చుకుంటె దళమే మునుగుతది సార్."

"తమ్ముణ్ని కూడా పట్టుకుపో తల్లీ. కాగితం మాత్రం ఇక్కడే ఉంటుంది."

వానలో చాట నేను ఎత్తుకున్నాను, పైన తువ్వాల వాడు పట్టాడు. ఊరు దగ్గరపడ్డాక వాడు అన్నాడు: "వెయ్యి బీడీల పాటి చెయ్యనా అక్కా నేను?" నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వాన కాబట్టి ఏది ఏదో వాడికి తెలియలేదు.

వాకిట్లో అవ్వ నిలబడి ఉంది. వాడి రెండు చేతులూ పట్టుకుని పది వేళ్లూ ఒక్కొక్కటి వంచి చూసింది. అన్నీ వంగాయి. ఊపిరి వదిలి నావైపు తిరిగింది.

"బీడీలు తడిసినయా?"

ఆ బుద్ధి నాకు ఎక్కడినుంచి వచ్చిందో మీకు ఇప్పుడు తెలిసింది కదా.

పది రోజులకు జమేదారు మా ఇంటికి వచ్చాడు. మళ్లీ ఏం ముంచుకొచ్చిందోనని చాట వెనక్కి నెట్టాను. ఆయన అటూ ఇటూ చూసి మెల్లగా అడిగాడు: "మల్లవ్వా, కాగితం మీద చాయ ఒలికి గళ్లు కొట్టుకపోయినయ్. పిడుగుకు గోడ అడ్డం పెడితె ఎన్ని గింజలు పోతయ్? సారుకూ నాకూ పొద్దటిసంది పంచాయితి."

అందుకని మీ అందరి ముందు ఒట్టు పెడుతున్నాను. రాసిన కాగితం పైనుంచి కింది దాకా చదవందే చాటలో పరచను. ఇంకెవరైనా ఏం కావాలో ఒక్కటి అడుగు అంటే, ముందు మనిషిని అడుగుతాను, బీడీల సంగతి తర్వాత. మీ ఇల్లు చల్లగుండాలి. పొద్దున మీ గడప దాటినవాళ్లు దీపం పెట్టే వేళకు పది వేళ్లతో తిరిగి రావాలి, చాట తడిసినా సరే.