మవాలే గెస్ట్‌హౌస్‌లో స్వీడన్ క్రిస్మస్

2015 అక్టోబరులో మా కేటరింగ్ కంపెనీ నన్ను మస్కట్‌లో అల్ మవాలే అనే పేటలోని ఒక గెస్ట్‌హౌస్‌కి పర్చేజర్‌గా వేసింది. అంతకు ముందు నేను లేబర్ క్యాంపులకి సరుకు కొనేవాణ్ణి. అక్కడ బియ్యం, పప్పు, కోడి, ఉల్లిగడ్డ ఉంటే చాలు; రోజూ అదే తిట్టు, రోజూ అదే పప్పు. గెస్ట్‌హౌస్‌లో ఉండేది స్వీడన్ ఇంజనీర్లు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటు పని మీద వచ్చారు. ఉప్పు తీసేసే పనికి వచ్చినవాళ్ళు తిండిలో మాత్రం ఉప్పూ చక్కెరా రెండూ కలిపి అడుగుతారని నాకప్పటికి తెలియదు.

పర్చేజర్ పని బయటికి సులువుగా కనపడుతుంది. వంటవాడు తనకి కావలసిన సరుకు రాసిస్తాడు. దాన్ని ఇండెంట్ అంటారు. క్యాంప్ బాస్ సంతకం పెడతాడు. మేము పికప్ వేసుకుని వెళ్ళి కొని తెచ్చి, స్టోర్‌లో దించుతాం. రాసిన సరుకు దొరక్కపోతే దాని బదులు ఇంకోటి తేవచ్చు, కానీ వంటవాడికి చెప్పకుండా తేకూడదు. ఈ ఒక్క నియమం వంటబట్టించుకుంటే ఏడో తరగతితో ఆపేసినవాడు కూడా ఈ ఉద్యోగంలో రిటైరవ్వచ్చు. నేను అయ్యాను. బడిని నేను వదిలేశానో, బడే నన్ను వదిలించుకుందో ఇప్పటికీ మా మాష్టారికీ నాకూ తేలలేదు.

గెస్ట్‌హౌస్ హెడ్ కుక్ పేరు ప్రకాశం. పాలకొల్లు వైపు మనిషి. అతని భార్య సునీత మస్కట్‌లోనే ఘుబ్రాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. కూతురు అక్కడే ఇండియన్ స్కూల్లో చదివేది. ప్రకాశం కూడా నాలాగే లేబర్ క్యాంపుల నుంచి వచ్చినవాడే. గెస్ట్‌హౌస్‌లో ఉన్న గోవా వంటవాడు చెప్పాపెట్టకుండా మానేస్తే, ఇతన్ని ట్రయల్ మీద ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి వారం స్పగెట్టీకి కరివేపాకు తాలింపు పెట్టాడు. స్వీడన్ వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి ఆకులు ఏరి ప్లేటు అంచున వరసగా పేర్చారు. అయినా కంప్లయింట్ హెడ్ ఆఫీసుకి చేరింది.

ప్రకాశం వీసా జనవరిలో అయిపోతుంది. క్రిస్మస్ విందు తర్వాత క్లయింట్ ఏమంటాడో చూసి రెన్యూవల్ సంగతి తేలుస్తామని ఆఫీసు చెప్పింది. ఆ రోజుల్లో కంపెనీ నో అబ్జెక్షన్ ఇవ్వకుండా పంపేస్తే రెండేళ్ళ దాకా మళ్ళీ ఒమాన్‌లో అడుగుపెట్టడానికి లేదు. అంటే భార్యా కూతురూ ఘుబ్రాలో, ఇతను పాలకొల్లులో.

"అన్నా, ఆళ్ళకేం కావాలో అదే తెచ్చిపెట్టన్నా. వండేది నేను చూసుకుంటాను," అన్నాడు ప్రకాశం.

"నువ్వు సూసుకున్నదే కద తమ్మీ కరివేపాకు," అన్నాను.

ప్రకాశం పొయ్యి దగ్గరుండగా, సీనియర్ ఇంజనీరు గున్నార్ సార్‌ని కూర్చోబెట్టి ఏమేం కావాలో నేనే అడిగాను. అరవై దాటిన మనిషి. క్రిస్మస్ వాళ్ళకి ఇరవై నాలుగునే. ఆ రోజు ఇంటి దగ్గర ఏమేం తింటారో చెబుతుంటే ఆయన కళ్ళు గోడ మీదికి పోయాయి; గోడ మీద ఏసీ తప్ప ఏమీ లేదు. పంది తొడ మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు, గట్టి అప్పడం లాంటి రొట్టె, ఏలకుల బన్నులు, ఒక ఎర్ర పండు జామ్, అన్నిటికంటే ముందు చక్కెర వెనిగర్‌లో ఊరేసిన హెర్రింగ్ చేపలు. వాళ్ళ భాషలో సిల్ అంటారు. బల్ల మీద పెట్టడానికి ఎండుగడ్డితో కట్టిన మేక కూడా కావాలన్నాడు. తినడానికా అని అడిగాను. కాదు, చూడటానికట. సరే, ఇండెంట్‌లో మేక కూడా ఎక్కింది. క్యాంప్ బాస్ జోసెఫ్ సార్ సంతకం పెడుతూ, దీన్ని వెజ్‌లో రాయాలా నాన్‌వెజ్‌లో రాయాలా అన్నాడు.

వేట మొదలైంది. గట్టి రొట్టె మస్కట్‌లోనే దొరికింది, కాకపోతే రొట్టెల వరసలో కాదు. షుగర్ పేషెంట్ల అరలో, ఎవరూ ముట్టక దుమ్ము పట్టి ఉంది. పంది మాంసానికి ఒక సూపర్‌మార్కెట్‌లో అడ్డగోడ వెనక వేరే గది ఉంది. అందులోకి వెళ్ళేవాళ్ళు దొంగల్లా వెళ్ళి దొరల్లా వస్తారు. ఏలకులకి తిరగనే అక్కర్లేదు, ఒమానీలు కాఫీలో వేసుకుంటారు కాబట్టి బస్తాలకి బస్తాలు ఉంటాయి. చేపల మీద చల్లడానికి డిల్ అనే ఆకు కావాలన్నారు. డిల్ డిల్ అంటూ షాపులన్నీ తిరిగి, చివరికి గున్నార్ సార్ ఫోన్‌లో బొమ్మ చూపిస్తే నవ్వొచ్చింది. అది మా జగిత్యాల సంతలో అమ్మే సోయకూర. మవాలే కూరగాయల మార్కెట్‌లో నేను రోజూ దాని పక్కనుంచే నడుస్తున్నాను.

ఎర్ర పండు జామ్, హెర్రింగ్ మాత్రం మస్కట్‌లో లేవు. దుబాయ్‌లో ఉన్న స్వీడన్ ఫర్నిచర్ దుకాణంలో, మంచాలూ కుర్చీలూ కొన్నాక బయటికొచ్చే దారిలో తిండి సరుకులు కూడా పెడతారని తెలిసింది. దుబాయ్‌కీ మస్కట్‌కీ ట్రైలర్ నడిపే ఆర్మూర్ రాజన్న నాకు దోస్తు. అతనికి చెప్పాను. "ఏందే మల్లేశం, చేపల కోసం మంచాల దుకాణంలకు పోవాల్నా? నీకు ఎండదెబ్బ తాకిందా?" అన్నాడు. అయినా వెళ్ళాడు. ఇరవై మూడు ఉదయాన డజను సీసాల అట్టపెట్టె తెచ్చి దించాడు.

మామూలుగా ఒమాన్‌లో అమ్మే దిగుమతి సరుకు మీద అరబ్బీ స్టిక్కర్ ఉంటుంది. ఇవి షాపు సరుకు కాదు, చేతి మీద వచ్చినవి కాబట్టి అదీ లేదు. ఉన్నదంతా స్వీడిష్. నేను సీసాలు చిల్లర్‌లో పెట్టి, ఇవే ఆ చేపలని ప్రకాశానికి చూపించి, మేక కోసం సమాయిల్ బయల్దేరాను.

సమాయిల్‌లో ఖర్జూరం తోట పక్కన ఆకులతో బుట్టలు అల్లే ముసలాయన ఉన్నాడు. మస్కట్‌లో ఎండుగడ్డి మేక అడిగితే నన్ను చూసే తీరు మారిపోతోందని, వారం ముందే ఆయనకి ఫోటో చూపించి ఖర్జూరపాకుతో చెయ్యమన్నాను. వెళ్ళేసరికి మేక తయారుగా ఉంది, కానీ ఒమానీ మేక. చెవులు వేలాడుతున్నాయి, కొమ్ములు పొట్టి. ఫోటోలోలాగా పెద్ద వంపు కొమ్ములు కావాలని బతిమాలాను. ఆయన హిందీలోనే నన్ను కోప్పడ్డాడు; అక్కడ రఫీక్ అంటే దోస్తు.

"రఫీక్, నా ఇంట్లో నలభై మేకలున్నాయి. నీ ఫోటోలో దానికిలా అంతంత కొమ్ములుంటే ముందుకు బోర్లా పడుతుంది."

ఇది నడవదు బాబా, బల్ల మీద నిలబడుతుందంతే అని ఒప్పించి, ఆయన పోసిన ఖహ్వా కాఫీ తాగి, కొమ్ములు పెట్టించి, మెడకి ఎర్ర రిబ్బను కట్టించి, ముందు సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు పెట్టి తీసుకొచ్చాను. దారిలో ఒక పోలీసు చూసి నవ్వాడు, ఆపలేదు.

సాయంత్రం కిచెన్ తలుపు తియ్యగానే ఘుమఘుమ. చింతపండు, వెల్లుల్లి, మెంతిపిండి. స్వీడన్ విందుకి సంబంధం లేని వాసన. నా కడుపు ముందు సంతోషించింది, తర్వాత బుర్ర పనిచేసింది. సింక్ పక్కన డజను సీసాలూ ఖాళీగా, కడిగి బోర్లించి ఉన్నాయి.

"తమ్మీ, గిదేంది? చేపలేవి?"

"పొయ్యి మీదున్నాయన్నా. చాలా కష్టమైపోయింది. చూస్తే పచ్చి చేప అన్నా! పంచదార నీళ్ళలో వేసి పంపేశారు. మన ఉప్పుచేపని నానబెట్టి కడుక్కోమూ? అలాగే ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్ళు పోసి కడిగాను. ఆ తీపి వదల్లేదనుకో."

"తమ్మీ, అది అట్లనే తింటరు."

"పచ్చిగానా?"

"పచ్చిగనే. సల్లగ. ఆ తీపితోనే."

ప్రకాశం గరిటె కింద పెట్టాడు. పచ్చి చేప పెడితే దొరలకి కడుపు చెడుతుంది, అదే వంక పెట్టి తనని పంపేస్తారు అని భయపడి అంత శ్రద్ధగా కడిగాడు. ఇప్పుడు ఆ శ్రద్ధే ముంచేసింది. స్టూలు మీద కూర్చుని, "సునీతకి ఏం చెప్పాలన్నా?" అన్నాడు.

జోసెఫ్ సార్ పరుగెత్తుకొచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు. బోర్డర్‌లో సీసాలు పగిలిపోయాయని చెబుదాం అన్నాడు. నేను మేకని చూపించి, ఇది తినేసిందని చెబుదాం అన్నాను. ప్రకాశం నవ్వలేదు. లేచి ఆప్రాన్ సర్దుకున్నాడు.

"పండగపూట అబద్ధం ఆడనన్నా. నేనే వెళ్ళి చెప్తాను. నువ్వు పక్కనుండు, ఇంగ్లీషు ఆగిపోతే తోసెయ్."

గున్నార్ సార్ హాల్లో బల్లకి ఎర్ర గుడ్డ పరుస్తున్నాడు. ప్రకాశం జరిగిందంతా చెప్పాడు. ఇంగ్లీషు రెండు చోట్ల ఆగింది, నేను తోశాను. నేను తోసిన ఇంగ్లీషు కంటే అతని మౌనమే బాగా అర్థమైనట్టుంది. డజను సీసాలూ ఉడికిపోయాయా అని ఆయన అడిగాడు. డజనూ అన్నాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆ ముఖం చూసి నేను ప్రకాశం సామాను ఎన్ని బ్యాగులవుతుందో మనసులో లెక్కేశాను.

తర్వాత ఆయన కిచెన్‌లోకి వచ్చి మూత తీశాడు. తన ఊళ్ళో కూడా హెర్రింగ్‌ని కూరపొడి కలిపిన తెల్లటి సాసులో వేసుకునే రకం ఒకటుందని, తన అత్తగారు ప్రతి క్రిస్మస్‌కీ అదే పెడుతుందని చెప్పాడు. అది ఆయనకి ఇష్టమో కాదో చెప్పలేదు. చెంచాతో కాస్త రుచి చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

ప్రకాశంలోని వంటవాడు ఊరుకోలేదు. "రేపటికి ముక్కకి పులుసు పట్టి ఇంకా బాగుంటుంది సార్," అన్నాడు. గున్నార్ సార్ తలూపాడు. సిల్ కూడా అంతే, ఒక రోజు ఊరితేనే రుచి అన్నాడు.

మర్నాడు బల్ల మీద అన్నీ అమరాయి. మేకని చూసి ముచ్చటపడ్డారు. వేలాడే చెవులేమిటని ఎవరూ అడగలేదు. మధ్యలో గిన్నెడు పులుసు. గున్నార్ సార్ దాన్ని మా ప్రకాశం సిల్ అని పరిచయం చేశాడు. అందరూ గట్టి రొట్టె మీద కొంచెం కొంచెం పెట్టుకున్నారు. ఒక కుర్ర ఇంజనీరు దగ్గుతూ బాల్కనీలోకి వెళ్ళాడు. ఆనికా అనే ఆవిడ మాత్రం బంగాళాదుంపలు నలిపి కలుపుకుని రెండోసారి వడ్డించుకుంది. నిజం చెప్పాలంటే ఆ పులుసు తీపిగానే ఉంది. చేపల పులుసుకీ మామిడికాయ పచ్చడికీ మధ్య ఎక్కడో దారి తప్పి నిలబడ్డ రుచి.

విందు అయ్యాక గిన్నె సగం మిగిలి కిచెన్‌కి తిరిగొచ్చింది. ఏలకుల బన్నులు ఒక్కటీ మిగల్లేదు, కానీ ప్రకాశం వాటి పళ్ళెం వైపు చూడలేదు. సగం గిన్నెనే చూస్తున్నాడు.

"అయిపోయిందన్నా నా పని."

"ఇంకా సగమున్నది తమ్మీ. మనం తిందాం పట్టు," అన్నాను.

ఇద్దరం అన్నం పెట్టుకుంటుంటే గున్నార్ సార్, జోసెఫ్ సార్ లోపలికి వచ్చారు. గున్నార్ సార్ నాతో, వచ్చే క్రిస్మస్‌కి రెండు డజన్ల సీసాలు తెప్పించమన్నాడు. ఒక డజను ప్రకాశానికి ఇచ్చి కారం తగ్గించి వండమని చెప్పాలట. రెండో డజను తన గదిలో పెట్టి తాళం వెయ్యాలట.

నేను సరే సార్ అన్నాను, మామూలు ఇండెంట్ విన్నట్టే. జోసెఫ్ సార్ మాత్రం కదలకుండా నిలబడి, "నెక్స్ట్ క్రిస్మస్? సేమ్ కుక్?" అని అడిగాడు. ఇంకెవరికి దాని వంట తెలుసు అన్నాడు గున్నార్ సార్. జోసెఫ్ సార్ అక్కడే ఫోన్ తీసి హెడ్ ఆఫీసుకి చేశాడు. ప్రకాశం చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని నోట్లో పెట్టుకుని, "అన్నా, నిజంగానే తీపన్నా ఇది," అన్నాడు.

జనవరిలో వీసా రెన్యూ అయింది.

ఆ తర్వాత నా సర్వీసంతా, కొత్త సరుకు ఏది తెచ్చినా స్టోర్‌లో దించి వెళ్ళిపోలేదు. దాన్ని వండాలా, కడగాలా, ఉన్నదున్నట్టు పెట్టాలా అని షాపులోనే అడిగి, వంటవాడికి నోటితో చెప్పాకే బండి తీసేవాణ్ణి. ఇండెంట్‌లో పేరు, బరువు ఉంటాయి. ఎలా తినాలో ఉండదు. ఆ మిగతాది పర్చేజరే మోసుకురావాలి. ఇక క్లయింట్ సంగతి: తిరిగొచ్చిన గిన్నె చూసి మా లైన్లో చాలామంది ముందే ఏడుస్తారు. గిన్నె చెప్పేది ఆ పూట సంగతి మాత్రమే. క్లయింట్ నోట వచ్చే ఏడాది మాట వచ్చిందా లేదా అన్నదే వినాలి.