ఆ డిస్కుకు సరిపోయే పెట్టె

“ముద్ద చల్లారిపోతా ఉండాది, రాండి,” అన్నాను నేను. “పాట అయిపోనీ మే, వస్తా,” అన్నారు మా ఇంటాయన. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. పళ్ళెం మీద మూత పెట్టి వచ్చి చూసేసరికి కుర్చీలోనే తల వాల్చేసి ఉన్నారు. నా కేకకు పరుగెత్తుకొచ్చిన పక్కింటివాళ్ళెవరో పాట మధ్యలో వైరు పీకేశారు.

సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో పాట వద్దన్నారు పెద్దవాళ్ళు, సరేనన్నాను. మొన్న ఆయన పాటల పెట్టె దుమ్ము తుడిచి మీట నొక్కితే దీపం వెలిగింది గాని డిస్కు తిరగలేదు. రిపేరు చేసేవాడు డిస్కును బయటికి తీసిచ్చి, ఈ పెట్టె సామాన్లు ఇప్పుడు రావన్నాడు. ఎప్పుడూ వంటింట్లోనుంచి సగం సగం విన్నదాన్ని, ఆ పాట చివర ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆయన వినకుండా పోయిన ఆ కాస్తా నేను వినాలి. ఫోనులో ఉంటుందని కొడుకు వెతికి పెట్టాడు. పాట అదే, గొంతూ అదే, కానీ కచేరి వేరు.

నాకు సంతకం దాకానే చదువు, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మాది కాటన్‌పేటలో బట్టల అంగడి. చీర తెచ్చి అంచుకు ఆనించి చూసుకుని రవికె గుడ్డ కొనే ఆడవాళ్ళ మధ్య బతికినదాన్ని గనుక, నేనూ డిస్కును ఆయన పంచె ముక్కలో చుట్టుకుని కొత్త పెట్టె కోసం కోడలి వెంట బయలుదేరాను. మొదటి అంగడాయన దాన్ని ఒక పెట్టెలో పెట్టి, “డిస్కే లేదంటా ఉండాది గదమ్మా,” అన్నాడు. “నీ చేత్తోనే పెట్టితివి కదప్పా!” అన్నాను. రెండో అంగడిలో ఇది మామూలు సీడీ కాదు, ఎస్‌ఏసీడీ, దీన్ని పాడే పెట్టెలు వేరే అన్నారు. చూస్తే అన్నీ ఒకే తళుకు, ఒకే గుండ్రం. ఒక పెట్టె దీన్ని పాడుతుందట, దాని అన్నలాంటి ఇంకో రకాన్ని పాడదట. ఇంకోటి రెండూ పాడుతుందట గాని టీవీ ఉంటేనేనట. నాకు తల తిరిగింది. “రవికెకు మ్యాచింగ్ చూసినట్టు తెచ్చినావు, మంచి పనే చేసినావులే,” అని నవ్వి అక్కడి అంగడాయన ఒక్కొక్క పెట్టెలో వేసి చూశాడు.

మూడోదానిలో పాట ఎత్తుకుంది. ఆ గొంతు వినగానే నా చేయి పళ్ళెం మూత కోసం వెతికినట్టయింది. “చాలప్పా, ఆపేయ్,” అన్నాను. “పూర్తిగా వినకుండా ఎట్ల కొంటావమ్మా?” అని ఆయన తికమకపడ్డాడు. అంగడిలో వినే చివర కాదది అని ఎలా చెప్పను? పాత స్పీకర్లకు దీని వైర్లు సరిపోతాయని కోడలు అంది, అదే తెచ్చుకున్నాం.

మా కాలంలో మీట తిప్పితే పాట వచ్చేది. ఇప్పుడు అదే పాట వినడానికి ఇన్ని పేర్లు ఎందుకు తెలియాలో నాకు అర్థం కాలేదు. ఇప్పుడది ఇంట్లో పాడుతోంది. వైరు పీకింది ఎక్కడో, ఆయన చెవి ఆగింది ఎక్కడో, ఎంత విన్నా గుర్తుపట్టలేకపోతున్నాను. అది దాటిపోయిందేమో, ఇంకా రాలేదేమో.

అమ్మాయ్, రాసిందంతా ఒకసారి చదివి వినిపించు. ఇప్పుడే వద్దు. పాట అయిపోనీ.