యార్మో ప్రోగ్రాము అడగని ప్రశ్న

యార్మో కిన్నునెన్ పాతికేళ్లకు పైగా సరస్సు మీద బల్లకట్టు నడిపాడు. ఈ ఒడ్డున కార్లు ఎక్కించుకోవడం, ఆ ఒడ్డున దించడం. మొన్న వేసవిలో అక్కడ వంతెన లేచింది. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి మార్పును చేతులు చాచి ఆహ్వానించాలన్నాడు. ఆయన కుర్చీ మాత్రం ఎక్కడికీ కదల్లేదు.

ఉపాధి కార్యాలయం యార్మోని యోయెన్సు పట్నంలో కంప్యూటరు శిక్షణకు పంపింది. శిక్షణ గది గోడకి ‘నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదు’ అని పోస్టరు అంటించారు. అడ్డే. కళ్లద్దాలు అడ్డు, నడుము నొప్పి అడ్డు, పదిమందిలో తప్పు చేస్తానేమోనన్న జంకు అన్నిటికన్నా పెద్ద అడ్డు. ఆ పోస్టరు రాసినవాడికి ఇంకా మీసాలు కూడా సరిగ్గా వచ్చి ఉండవు.

ఆ శుక్రవారం సంగతి తేలిపోవాలి. తాను రాసిన చిన్న ప్రోగ్రామును కమాండ్ లైన్ నుంచి, అంటే నల్ల తెర మీద దాని పేరు కొట్టి, నడపాలి, తర్వాత శిక్షకుడు లౌరి నడిపినా అది జవాబు చెప్పాలి. నెగ్గినవాళ్లు వసంతంలో రెండో విడతకు వెళ్తారు. నెగ్గనివాళ్ల కోసం దేశం దక్షిణాన ఒక గోదాములో పని సిద్ధంగా ఉంది. దక్షిణాది అంటే యార్మోకి అపార్టుమెంటు, అపార్టుమెంటులో లిఫ్టు, లిఫ్టులో పలకరింపులు. అంతకన్నా పెద్ద శిక్ష లేదతనికి.

ప్రోగ్రాము అతనికి తెలిసిన లెక్కే: ఇన్ని కార్లుంటే, తడవకి ఆరు చొప్పున, బల్లకట్టు ఎన్నిసార్లు తిరగాలి? లౌరి ఇచ్చిన నమూనాలో మొదట ఒక ప్రశ్నను తెర మీద చూపించే వరుస ఉంది. యార్మో దాన్ని కొట్టేశాడు. రేవులో కార్లొచ్చి ఆగితే ఎన్నున్నాయని ఎవరడుగుతారు? మాటలు దండగ.

నల్ల తెర మీద పైథాన్ అని, పక్కన ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు. అలాంటి ఫైలు లేదంది. వేరే ఫోల్డరులో నిలబడి పిలుస్తున్నాడు మరి. ఆ తెగేసి చెప్పడం అతనికి నచ్చింది. సరైన ఫోల్డరులోకి వెళ్లి మళ్లీ కొట్టాడు. ఈసారి తిట్టలేదు. ఏమీ అనలేదు. కింది వరుసలో చిన్న గీత మిణుకుమంటూ ఉండిపోయింది.

ఆలోచిస్తోంది కాబోలనుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు యార్మో. ఆలోచించేవాళ్లని కదిలించడం అతని ఇంటా వంటా లేదు. దూరం నుంచి చూసిన లౌరి కూడా యార్మో ఏదో ఆలోచిస్తున్నాడనుకుని దగ్గరికి రాలేదు. గది కాఫీకి లేచింది, తాగింది, తిరిగొచ్చింది. గీత మిణుకుమంటూనే ఉంది.

పక్క సీటు సిర్పా, బడి వంటింట్లో పనిచేసి వచ్చిన మనిషి, యాలకుల బన్ను నములుతూ తొంగిచూసింది.

“ఏమయ్యా, ఏం చేస్తున్నావ్?”

“నడుస్తోంది.”

“ఏం నడుస్తోంది?”

“ప్రోగ్రాము. ఆలోచిస్తోంది.”

“ఆరుతో భాగించడానికా? ఈపాటికి మా వంటింట్లో బఠాణీ సూపు ఉడికి, వడ్డన కూడా అయిపోయేది!”

“తొందర పెట్టకూడదు.”

“అది నీకోసం చూస్తోందయ్యా బాబూ, నువ్వేమో దానికోసం చూస్తున్నావ్. మా ఆయన నన్ను డాన్సుకి పిలవడానికీ ఇలాగే చేశాడు. చివరికి నేనే లేచా. ఎవరో ఒకరు కదలాలి. ఓ అంకె కొట్టు.”

పద్నాలుగు కొట్టాడు. మూడు అని టక్కున జవాబొచ్చింది. యార్మో చెవులు ఎర్రబడ్డాయి.

లౌరి వచ్చి కుర్చీలాక్కున్నాడు. “నేను దీని గురించి ఏమీ తెలియని మనిషిలా నడుపుతాను. మీరు నోరు విప్పకూడదు, సరేనా?” యార్మోకి అంతకంటే తేలికైన షరతు ఉండదు. లౌరి ఎంటర్ నొక్కి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గీత మిణుకుమంది. లౌరి కాఫీ ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు. వెనక సిర్పా నవ్వాపుకోలేక బన్ను అడ్డం పెట్టుకుంది. చివరికి లౌరి తప్పిందని గుర్తు పెట్టడానికి పెన్ను తీశాడు.

గోదాము, లిఫ్టు యార్మో కళ్ల ముందు తిరిగాయి.

“ఆగు,” అన్నాడు. “అది నీకోసమే చూస్తోంది.”

“నాకెలా తెలుస్తుంది? అది నన్నేమీ అడగలేదే.”

“అడగాలా?”

“మరి! కార్లు మీ కంటికి కనిపిస్తాయి. దానికి కళ్లున్నాయా? ఇంకా టైముంది, మార్చండి.”

యార్మో కూర్చున్నాడు. నమూనాలోని ప్రశ్న మరీ వినయంగా, మరీ పొడుగ్గా ఉంది. చాలాసేపు తూచి రెండే మాటలు రాశాడు: ‘కార్లు ఎన్ని?’

లౌరి మళ్లీ నడిపాడు. తెర అడిగింది. ఇరవై కొట్టాడు. నాలుగు అంది.

“వసంతంలో కలుద్దాం,” అన్నాడు లౌరి, టిక్కు పెడుతూ. యార్మో తలూపి సంచీ సర్దుకున్నాడు.

“ఓ థాంక్సయినా చెప్పవయ్యా నాకు!” అంది సిర్పా.

“చెప్పాగా.”

“ఎప్పుడు?”

“ఇప్పుడేగా తలూపాను.”

“అది లౌరికి కదా!”

యార్మో కాసేపు ఆలోచించి, ఆమె వైపు తిరిగి, ఇంకోసారి తలూపాడు.