ఉత్తరపు ఎండ

ఈ ఉదయం గోంగూర కోస్తుంటే విరిగిన కాడల పచ్చి వాసన వేళ్ళకు అంటుకుంది. వెంటనే అనసూయ ఆంటీ గుర్తొచ్చారు. స్కోఫీల్డ్స్‌లో మా పక్కింట్లో ఉండేవారు. రిటైరైన డాక్టరు, గుంటూరు మనిషి. నా చేత పెరటితోట పెట్టించింది ఆమే.

మేం కొత్త ఇంట్లో చేరిన ఏడాదే వడగళ్ళు పడి ఆమె గోంగూర మడి మొత్తం నేలమట్టమైంది. పదేళ్ళుగా ఏటా విత్తనం తీసి నిలుపుకున్న రకం అది. ఓ మందుసీసా అడుగున మిగిలిన గింజలన్నీ నా అరచేతిలో పోశారు.

"నా మోకాళ్ళు వంగట్లేదమ్మా. నువ్వే బతికించు. ఇవి పోతే ఇంక లేవు."

నా ఉత్సాహం చూడాలి! లైబ్రరీ నుంచి తోటపని పుస్తకాలు ఐదు తెచ్చాను. నాకు వచ్చిన పనులన్నీ అలా చదివి నేర్చుకున్నవే, ఆ గర్వం కూడా ఉంది. వాటిలో లావుపాటి పుస్తకం మొక్కలకు ఇంటి దక్షిణం వైపు మేలంది. టేపు పెట్టి కొలిచి, దక్షిణపు గోడ పక్కనే మడి కట్టాను. మొలకలు వచ్చాయి. పదిహేను రోజులకే పాలిపోయి, దారాల్లా సాగి, వాలిపోసాగాయి.

ఆంటీ కర్ర ఊతంతో వచ్చి చూశారు. "ఈ నీడలో పెట్టావేంటే?"

"బుక్‌లో సౌత్ సైడ్ అని ఉంది ఆంటీ."

"ఎక్కడ ప్రింటయిందది?"

మొదటి పేజీ తిప్పాను. "లండన్..."

ఆమె గోడ పట్టుకుని మరీ నవ్వారు. "ఓసి పిచ్చిదానా! మనం భూమధ్యరేఖకి కింద ఉన్నాం, ఇక్కడ సూర్యుడు నార్త్ నుంచి కాస్తాడు. నీ పుస్తకం ఆయనకెవరు చదివి వినిపిస్తారు?"

నాకు ఏడుపొచ్చింది. "అన్నీ చచ్చిపోతాయా?"

"ఏడుపెందుకు? ఈ సాయంత్రమే ఉత్తరం వైపుకి మార్చెయ్. వేళ్ళ మట్టి రాలనివ్వకు."

ఎండ తగ్గాక వంటింటి గరిటెతో ఒక్కో మొలకనూ మట్టితో సహా ఎత్తి ఉత్తరం వైపు నాటాను. పద్నాలుగింటిలో తొమ్మిది నిలిచాయి. నెలన్నరకు తొలి కోత! ఆకుకూర ముట్టని మా పాప పచ్చి ఆకు నమిలి, "సో సవర్! కెన్ ఐ హావ్ మోర్?" అంది. ఆంటీ ముఖం వెలిగిపోయింది. ఆ ఏడాది ఆమె సీసా మళ్ళీ నిండింది.

నిరుడు ఆమె పెర్త్‌లో కూతురి దగ్గరికి మారిపోయారు. ఇప్పుడు మా వీధిలో దాదాపు ప్రతి పెరట్లోనూ ఆ గోంగూరే. ఆదివారం వస్తే కంచెల మీదుగా చిక్కుళ్ళు, కరివేపాకు, కబుర్లు చేతులు మారుతున్నాయి. పోయిన వారం కెల్లీవిల్ నుంచి కొత్తగా వచ్చినతను ఏ పుస్తకం చదవమంటారని అడిగాడు. నా దగ్గర పెద్ద జాబితానే ఉంది. అయినా, ముందు ఒక రోజంతా పెరట్లో కూర్చుని ఎండ ఎటు తిరుగుతుందో చూడమన్నాను. మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక మూల దొరికింది! నాలుగింటిదాకా ఎండే!"