ఓదెలు కాక పెట్టిన దిమ్మెలు

2022 ఎండాకాలం. గోదావరిఖనిలో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మా షెడ్డులో జరిగేది ఒక్క కమాన్ పట్టీల పనే. ఇంజిన్ ముట్టను. కమాన్ పట్టీలంటే బండి వెనక ఇరుసు మీద ఒకదాని కింద ఒకటి కట్టిన ఉక్కు పట్టీలు, ఇంగ్లీషులో లీఫ్ స్ప్రింగులు. బరువు పడితే వంగాలి, తీస్తే లేవాలి. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పుణ్యమా అని ఈ పనికి మా దగ్గర కరువు లేదు. నాకు నోటి దురుసు ఎక్కువని ఊళ్లో పేరు కూడా ఉంది. బండి పాడుచేసుకుని వచ్చినవాణ్ణి ముందు తిట్టి, తర్వాత పానా పట్టుకుంటాను.

ఆ పొద్దున ఎండ ముదరకముందే ఓదెలు కాక తన పాత వ్యాను తెచ్చి నిలిపాడు. ఆయనా మా నాన్నా గనిలో ఒకే షిఫ్టు, అందుకే చిన్నాన్న వరసలో కాక అంటాను. కాక టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల కప్పు కూలకుండా కట్టె మొద్దులు నిలబెట్టడం టింబర్‌మన్ పని.

వ్యాను వెనక సీట్లు పీకేసి ఇనుప మంచం బిగించాడు. దాని మీద ఆయన భార్య మల్లవ్వ పడుకుని ఉంది. ఆమెకు క్యాన్సర్ వెన్నెముకకు పాకింది, కూర్చోలేదు. పదిహేను రోజులకోసారి కరీంనగర్ దవాఖానకు పడుకోబెట్టే తీసుకుపోవాలి. మంచం, రెండు ఆక్సిజన్ సిలిండర్లు, చక్రాల కుర్చీ, నీళ్ల డబ్బా, ఇంత బరువు ఆ ముసలి బండికి ఎక్కువే.

“అంబులెన్సు పిలువకపోయినవా కాకా?” అన్నాను.

“మీ చిన్నమ్మను ఎవడో ఆగమాగం గుంజుకపోతడు. నేనైతే నిమ్మళంగ నడుపుత. బండి వెనక కుంగి కూసుంటుంటె నేనే సరిజేసిన గని, ఇప్పుడు కింద చప్పుడొస్తున్నది. ఇంకో రెండు పట్టీలు ఎక్కియ్యి, మళ్ల కూసోకుంట.”

కిందికి దూరి చూశాను. ఇరుసుకూ పైన బండి చట్రం ఛాసిస్‌కూ మధ్య రెండు పక్కలా మద్ది కట్టె దిమ్మెలు బిగించి ఉన్నాయి. ఎంత నున్నగా చెక్కాడో, వెంట్రుక దూరే సందు లేదు. పైన తీగతో కట్టాడు. పట్టీలు అంగుళం కూడా వంగే వీలు లేదు.

బయటికొచ్చి నా అలవాటు ప్రకారం అందుకున్నాను. “ఏంది కాకా ఇది? బండి అనుకున్నవా, బాయి అనుకున్నవా?” మా వైపు గనిని బాయి అంటాం.

కాకకు కోపం రాలేదు. కొంచెం గర్వంగానే నవ్వాడు. “కప్పు కింద నేను పెట్టిన కట్టె ఒక్కటి జారలేదు. ఇదెంత?”

“తీసెయ్యాలె.”

“తియ్యద్దు. కదిలేది ఆదరువు ఎట్లయితది రా?”

ఆయన బతుకంతా నేర్చింది అదే. బాయిలో కట్టె కదిలిందంటే మనుషులు పోయినట్టే.

బరువు ఉండగానే కొలత తీయడం నా పద్ధతి. ఖాళీ బండి కొలిచి పట్టీ వేస్తే అది అబద్ధపు కొలత. చక్రం మీది రేకు దగ్గర టేపు పెట్టి కొలుస్తుంటే, కాక చాయ్ తేవడానికి రోడ్డు దాటాడు. నేను మల్లవ్వను అడిగాను.

“చిన్నమ్మా, గుంతలల్ల ఎట్లుంటది నీకు?”

ఆమె కాక పోయిన దిక్కు చూసి, గొంతు తగ్గించింది. “వెన్నుల గడ్డపార దించినట్టుంటది బిడ్డా. కొంగు నోట్లె కుక్కుకుంట.”

“మరి చెప్పలేదా?”

“ఎండల కూసోని చెక్కిండు ఆ కట్టెలు. నా కోసమే గద. చెప్పకు బిడ్డా, నీకు దండం పెడుత.”

నా నోటి దురుసంతా ఎటు పోయిందో. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

కాక వచ్చాక వేరే కారణాలు చెప్పి చూశాను. ఛాసిస్ పగులుతుందన్నాను. “వెల్డింగు పెట్టిద్దం” అన్నాడు. టైర్లు తింటుందన్నాను. “తిననియ్యి” అన్నాడు. మద్ది కట్టెను మించిన మొండితనం. ఇక నాకు ఒక్కటే దారి కనిపించింది.

“సరే, ఉండనిద్దాం. చప్పుడు ఎక్కడినుంచి వస్తున్నదో తెల్వాలె. మంచం మీద నువ్వు పండుకో, నేను నడుపుత. నువ్వే విను.”

మల్లవ్వను ఇద్దరం దిండుతో సహా ఎత్తి, షెడ్డులో ఫ్యాను కింద నా నవారు మంచం మీదికి మార్చాం. మా ఇల్లు షెడ్డు వెనకే. మా ఆవిడ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

లారీలు తిరిగే రోడ్డు ఎక్కించాను. బాగా నిమ్మళంగానే నడిపాను, కాక నడిపినంత నిమ్మళంగా. మొదటి గుంతకు మంచం ఠంగుమంది. రెండో గుంతకు అద్దంలో చూస్తే, కాక చేయి మంచం పట్టెను పట్టుకుని ఉంది. ఆ పట్టెకు గుడ్డ చుట్టి ఉంది. సరిగ్గా ఆయన పట్టుకున్న చోటే అది ముందునుంచే నలిగి, చిరిగి, నల్లబడి ఉంది.

“ఆపు” అన్నాడు.

రోడ్డు పక్కకు తీశాను. లేచి కూర్చుని ఆ చిరుగును వేలితో తడుముతున్నాడు. “గిట్లనేనా? పోయిన ప్రతిసారి గిట్లనేనా?”

నేను తాళం తిప్పి బండి ఆపేశాను.

“నీకు చెప్పిందా?”

అబద్ధం ఆడలేక తల దించుకున్నాను.

షెడ్డుకు వచ్చాక ఆమె దగ్గర గొంతుకు కూర్చున్నాడు. “ఎందుకు చెప్పలేదే?”

“ఏం చెప్పాలె? మనసు పెట్టి చేసినవు” అంది మల్లవ్వ. తర్వాత నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపును నేను ఎదుర్కోలేకపోయాను.

దిమ్మెలు నన్ను ముట్టనియ్యలేదు. సుత్తె తీసుకుని తానే కొట్టి ఊడగొట్టాడు. నేను పాత పట్టీలకు మళ్లీ వంపు ఎత్తి, కింద ఒకే ఒక్క హెల్పర్ లీఫ్ వేశాను. హెల్పర్ లీఫ్ అంటే బరువు పడ్డప్పుడు చేయి అందించే అదనపు పట్టీ. రెండు వేస్తే బండి ఎత్తుగా నిలబడేది కానీ, అది ఇంకో రకం దిమ్మె అయ్యేది. షాక్ అబ్జార్బర్లు మార్చాను. మల్లవ్వను మళ్లీ ఎక్కించి కొలిస్తే, ఇరుసు పైన బెత్తెడు సందు మిగిలింది.

“ఈ సందు ఎందుకు రా?” అన్నాడు కాక. అప్పటికి ఆయనకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

“దెబ్బ ఆ సందులనే అరగాలె కాకా. లేకుంటే చిన్నమ్మ వెన్నుల అరుగుతది.”

తర్వాతి ప్రయాణంలో కరీంనగర్ నుంచి ఫోన్ చేశాడు. “పెద్దపల్లి దాటంగనే నిద్రపోయింది రా” అన్నాడు. అట్లా ఇంకొన్నిసార్లు పోయి వచ్చారు. వానాకాలం పూర్తిగా వెళ్లకముందే మల్లవ్వ పోయింది.

దసరా అయ్యాక కాక మళ్లీ వచ్చాడు. మంచం తీసేసిన ఖాళీ వ్యాను చిన్న రాయికే ఎగిరెగిరి పడుతోంది.

“ఆ పట్టీ బరువు కోసం వేసింది కాకా. ఇప్పుడు బరువు లేదు గద, అందుకే ఎగురుతున్నది. తీసేస్త, ఎంతసేపు పట్టదు.”

“ఉండనియ్యి. నాకు తగలనియ్యి.”

పాత టైరు మీద కూర్చుని అన్నాడు. “బాయిల ఇనుప మొద్దులను నమ్మకపోదుము రా. కట్టె అయితే విరిగే ముందు కిర్రుమంటది. ఆ చప్పుడు ఇని ఉరికితె పానం దక్కేది. చీకట్ల ఆ చప్పుడు కోసమే బతికిన చెవులు ఇవి. నా ఇంట్ల మనిషి కిర్రు గూడ అనకపాయె.”

“నీ మీది మమత కాకా.”

“మమతనే. అదే తింటున్నది నన్ను.”

అప్పటినుంచి బరువు మోసే బండి ఏది వచ్చినా, స్టీరింగు పట్టినవాణ్ణి చివర అడుగుతాను. మొదట అడిగేది వెనక కూర్చునేవాళ్లను. వాళ్లు “ఏం లేదు, మంచిగనే ఉన్నది” అంటే నమ్మను. నేనే పోయి అక్కడ పడుకుని, బండి నడపమంటాను.

ఆ దిమ్మెలను కాక తీసుకుపోలేదు. పారేయడానికి నాకు చేతులు రాలేదు. జాకీ ఎత్తేటప్పుడు బండి జారకుండా చక్రాల కింద పెడుతున్నాను. ఆ పనికి అవి చాలా మంచి దిమ్మెలు.