ఎడమ పక్క సీటు

మా బావకు నా మీద కోపం ఉందా అని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. ఉంటే బాగుండేది. తిట్టినా, ఒక దెబ్బ వేసినా నాకు కాస్త నిద్ర పట్టేది.

నంద్యాల బైపాస్ దగ్గర మాకొక షెడ్డు ఉంది. బావ, అంటే మా అక్క మొగుడు, ఇంజను పనీ రేకు పనీ చూస్తాడు. రంగు నాది. బేతంచెర్ల బండల లారీలే మా కూడూ గుడ్డా. అలాంటి షెడ్డులోకి ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి లారీ మీద ఒక పాత అమెరికా కారు వచ్చి దిగింది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, ఎడమ పక్క స్టీరింగు. ఆ ఊరి పెద్ద రైతు ఒకాయన తాత ఎప్పుడో మద్రాసులో కొన్నదట. శనక్కాయల గోదాములో పడి, సీట్లలో కోళ్లు పొదిగే దశకు వచ్చింది.

"పైకి పాతదే అనిపీయాల. లోపల ఎన్ని గుర్రాలు పడితే అన్ని పెట్టు" అన్నాడు ఆసామి.

బావ నాలుగు వందల గుర్రాల బలం పెట్టాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజను చెక్కపెట్టెలో ఓడ మీద వచ్చింది. దానికి తగ్గట్టు గేరుబాక్సు, బ్రేకులు, ఏసీ, అన్నీ కొత్తవే. కుళ్లిన రేకంతా కోసేసి సుత్తితో కొట్టి కొట్టి కొత్త ఒళ్లు తయారుచేశాడు. ఏడాదిన్నర పట్టింది. నేను పన్నెండు పూతల రంగు వేశాను, పూత పూతకూ తడిపిన గరుకు కాగితంతో రుద్ది రుద్ది వేలిముద్రలు పోగొట్టుకున్నాను. ఆసామి వచ్చినప్పుడల్లా నా రంగు మీద చెయ్యి రాసి, "ఎంత బాగా చేసినావప్పా" అని బావతో అనేవాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు మండిపోయేది. అది దాచుకోను, ఈ కథంతా ఆ మంటలోంచి వచ్చిందే.

ఒకసారి ఆయన సంతోషంలో ఉండి, ఏం కావాలో అడగమన్నాడు. బావ తల గోక్కుని, "బండి తయారైనాక ఒక ఆదివారం ఇయ్యన్నా. మా ఆడమనిషిని కూచోబెట్టుకోని చర్చికి పోయొస్తా" అన్నాడు. "అంతేనా, పోయిరా" అన్నాడాయన. ఆ మాట విన్నరోజే మా అక్క పెళ్లిచీర తీసి ఎండలో వేసింది. ఇరవై ఏళ్లుగా గ్రీసు చొక్కాలు ఉతికిన మనిషి. చర్చి సంఘం ముందు ఆ కారులోంచి దిగడం తప్ప ఆమె దేవుణ్ణి ఆ ఏడు ఇంకేమీ అడగలేదనుకుంటాను.

బండి అప్పగించే రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బావ స్టీరింగు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. ఆసామికి డ్రైవింగు రాదు. వాళ్ల ఇంట్లో ఎవరికీ ఆ అవసరం పడలేదు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి వంగి దూరాలి, ఆయన వంగే మనిషి కాదు. అందుకని ఆయన ముందు కుడి పక్క కూర్చున్నాడు, స్టీరింగుతో పాటు బావ ఎడమ పక్క. నేను వెనక, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని.

శిరివెళ్ల దాటాక బావ ఒక్కసారి కాలు నొక్కాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆసామి డ్యాష్‌బోర్డు పట్టుకుని, "చాలప్పా, చాలు" అన్నాడు. బావ నవ్వాడు. నేనెప్పుడూ ఆ నవ్వు చూడలేదు.

ఆళ్లగడ్డలో అందరూ చూడాలని ఆయన అద్దాలు దించమన్నాడు. మా సీమలో పెద్దమనిషి ఏ బండిలోనైనా ముందు ఎడమ పక్కే కూర్చుంటాడు. కుడి పక్క ఉండేవాడు డ్రైవరు, వాడి ముఖం ఎవరికీ అక్కర్లేదు. కారు వస్తూనే జనం చేతులు అలవాటుగా ఎడమ పక్కకు లేచాయి. రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు ఉలి కింద పెట్టి మరీ దండం పెట్టారు. నాలుగు రోడ్ల దగ్గర చూపు ఆనని ఒక ముసలాయన ఎడమ కిటికీలోంచి చేతులు పెట్టి పూలదండ మా బావ మెడలో వేసేశాడు. బావ కంగారుగా తీసి ఆసామికి ఇచ్చాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అక్కడితో అయిపోయేది.

ఆసామి ఇంటి ముందు దిగాం. ఇరవైమంది దాకా ఉన్నారు. అందరూ బావ చుట్టూ మూగారు. నేనింకా వెనక సీట్లోంచి బయటికి పాకుతున్నాను. పాకుతూనే అన్నాను: "బావా, ఇంగ ఈ ఊరి పెద్దరికం నీదే. డ్రైవరు గూడా పక్కనే దొరికినాడు."

ముగ్గురో నలుగురో కిసుక్కుమన్నారు. ఆసామి నవ్వలేదు. మజ్జిగ తెప్పించుకుని నిదానంగా తాగాడు. గ్లాసు పెట్టి, "ఆ స్టీరింగు కుడి పక్కకు మార్చు" అన్నాడు.

"ఇంజను పట్టదన్నా. గొట్టాలన్నీ ఆ పక్కనే ఉండాయి" అన్నాడు బావ.

"పట్టకుంటే తీసెయ్. ఇంజను ఎవురికి కనపడతాది? కూచున్నోడు కనపడతాడు."

"మరి ఆదివారం, అన్నా" అన్నాడు బావ.

"యా ఆదివారం?"

బండి మళ్లీ మా షెడ్డుకే వచ్చింది. బావ కట్టర్ చేతిలోకి తీసుకుని పొద్దంతా కూర్చున్నాడు, స్విచ్చి వేయలేదు. చివరికి నేనే కోశాను. ఆయన సుత్తితో కొట్టిన రేకు ముక్కలై రాలింది. నిప్పురవ్వలు ఎగిరి నా పన్నెండు పూతలనూ కాల్చాయి. అన్నం తెచ్చిన అక్క గుమ్మంలో నిలబడి చూసింది. "ఆ మిషను నీ నాలికె కొయ్యల్యాకపాయనా" అంది. క్యారియరు కింద పెట్టి వెళ్లిపోయింది.

ఇంజను ఇప్పుడు ఆసామి గోదాములో పురుగుమందు డబ్బాల మధ్య పడి ఉంది. వేరే ఇంజను పెట్టించే ఓపిక ఆయనకు లేకపోయింది. ఊరేగింపులప్పుడు కారుకు తాడు కట్టి ట్రాక్టరుతో లాగిస్తారు. కుడి పక్క ఎవడో స్టీరింగు పట్టుకుంటాడు, ఎడమ పక్క ఆయన కూర్చుంటాడు.

మొన్న పనిమీద ఆళ్లగడ్డ పోయి నేనూ బావా టీ తాగుతుంటే అది ఎదురుగా వచ్చింది. రోడ్డు పక్కన అందరూ చేతులెత్తారు. బావ కూడా గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. చూపు మాత్రం ఇంజను లేని ఆ బానెట్ మీదే ఉంది. నేను గ్లాసు పట్టుకుని బావనే చూస్తూ నిలబడ్డాను.

"చూస్తాండావేందిరా," అన్నాడు బావ నెమ్మదిగా. "పెట్టు దండం."

పెట్టాను.