పదిహేడో రేకు

భర్త గనిలో పోయాక ఆమె బావగారి ఇంటి వెనక గదిలో ఉండేది. కొన్నేళ్ళకు ఆ గనీ మూతబడింది. దాని అడుగున శాస్త్రవేత్తలు ప్రయోగశాల పెట్టి, రాగి రేకులు కడిగే పనికి ఆమెను తీసుకున్నారు.

వాళ్ళు వెతుకుతున్నది కృష్ణపదార్థాన్ని. నక్షత్రాల గుంపులు అంత వేగంగా తిరుగుతూ కూడా చెదిరిపోవడం లేదంటే, కంటికి కనపడని బరువేదో వాటిని పట్టి ఉంచుతోందని వాళ్ళ లెక్క. దాని రేణువు ఒక్కటి తొట్టిలోని ద్రవానికి తగిలినా చిన్న మెరుపు వస్తుందని ఎదురుచూపు. మామూలు దుమ్ములో ఉండే కాస్త రేడియోధార్మికత కూడా అలాంటి మెరుపే ఇస్తుంది. అందుకే తొట్టిలో అమర్చే ప్రతి రేకునూ ఆమె ఆమ్లంలో ముంచి, శుద్ధిచేసిన నీళ్ళతో అయిదుసార్లు కడిగేది.

బావగారికి సైకిల్ రిపేరు షాపుంది. పని పోయిన గని కార్మికులంతా పొద్దున్నే అక్కడ చేరేవారు.

"కనపడదట, వినపడదట, ముట్టుకుంటే తగలదట. మా మరదలు దానికోసం రేకులు కడుగుతుందట" అనేవాడు బావగారు. "గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడమంటే ఇదే."

ఆ పేరే ఆమెకు స్థిరపడింది. బస్సు కండక్టరు కూడా "గుడ్డిగుర్రం దిగాలి, ఆపండి" అనేవాడు.

పదకొండో ఏట మెరుపులు కనిపించాయి. మూడు నెలల్లో పందొమ్మిది. పేపర్లలో వచ్చింది. ఉద్యోగాలొస్తాయన్నారు, హోటళ్ళు లేస్తాయన్నారు. నేతిబీరకాయలో నెయ్యెక్కడిదని పదేళ్ళు నవ్వినవాళ్ళే గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. బావగారు షాపు మీద అద్దె గదులు మొదలుపెట్టి, "అంతా మా మరదలి చేతి చలవ" అని చెప్పుకున్నాడు.

ప్రయోగశాల గోడమీది పటంలో మెరుపులన్నీ ఒకే మూల ఉండడం ఆమె చూసింది. ఆ మూలది పదిహేడో రేకు. అది కడిగిన వారం చేతితొడుగులు అయిపోయాయి. "పాతవే కుళాయి కింద కడిగి వాడు, గడువు దగ్గరపడింది" అన్నాడు సూపర్‌వైజరు. ఆమె వాడింది. ఆ సంగతి రిజిస్టరులో రాసింది కూడా.

రెండు రోజులు పటమూ రిజిస్టరూ మార్చి మార్చి చూసుకుంది. మూడోనాడు బావగారికి చెప్పింది.

"రేకులు కడిగేదానివి. మెరుపుల గొడవ నీకెందుకమ్మా?"

"తప్పు నా చేతిలో జరిగింది బావగారూ."

"ఊరంతా కంచాల ముందు కూర్చుంది. ఇప్పుడు నువ్వెళ్ళి మట్టి కొడతావా? నోరు మూసుకుని ఉండు."

మర్నాడు ఆమె ప్రయోగశాల నడిపే పెద్దసారుకి చెప్పింది. ఆయన రేకు తీయించి పరీక్ష చేయించారు. కుళాయి నీళ్ళ దుమ్మే. కొత్త రేకు పెట్టాక ఒక్క మెరుపూ రాలేదు.

పత్రికలవాళ్ళతో ఆయన 'శుభ్రంచేసే సిబ్బంది పొరపాటు' అన్నారు. సూపర్‌వైజరు మాట ఎక్కడా రాలేదు. రిజిస్టరులో ఆ పేజీ కూడా లేదు.

ఊరికి రెండు కోపాలొచ్చాయి. లేనిదాన్ని ఉందని నమ్మించినందుకు ఒకటి, నమ్మాక లేదన్నందుకు ఒకటి. రెండూ ఆమె మీదే తీర్చుకున్నారు. కండక్టరు బస్సు ఆపడం మానేశాడు. గది తలుపుకి ఎవరో బురద పూశారు. షాపు మీది మొండిగోడలు కనపడినప్పుడల్లా బావగారు ఆమెకు వినపడేలా తిట్టేవాడు.

ఉద్యోగం తీసేస్తూ, పోయేముందు వారం రోజులు కొత్తమనిషికి పని నేర్పమన్నారు. కొత్తమనిషి బావగారి కోడలు. పదిమంది కాళ్ళూ పట్టుకుని ఆ పని వేయించింది ఆయనే.

ఆ అమ్మాయి నెమ్మదస్తురాలు. నాలుగోరోజు తొడుగులు వేసుకుంటూ అడిగింది.

"చిన్నత్తయ్యా, అసలు అదంటూ ఉందంటారా?"

"ఏమో. ఆ పందొమ్మిది మాత్రం అది కాదు."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా."

"తెలిసేది కాదు."

"ఉద్యోగం మీకే ఉండేది."

"ఉండేది. మణికట్టు దగ్గర మడత పడింది, విప్పి మళ్ళీ వేసుకో."

వారం ముగిసిన సాయంత్రం గేటు దగ్గర ఆమె కార్డు తీసేసుకున్నారు. ఆమె నడిచే ఇంటికి వెళ్ళింది. వెనక గదికి కొత్త తాళం వేసి ఉంది. ఆమె పెట్టె మెట్ల మీద ఉంది.

బావగారు ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"గది కోడలికి కావాలమ్మా. డ్యూటీ మనిషి కదా, నిద్ర చెడకూడదు."